లా కాలేజీలో మంత్రగత్తె: రెండో భాగం ఎటు పోతోంది

నేను రాస్తున్న మంత్రగత్తె నవల మొదటి భాగం చదివిన పిల్లలలో చాలామంది అడిగింది ఒకటే: రెండో భాగంలో మంత్రవిద్య నేర్పే కాలేజీ ఎక్కడ ఉంటుంది? రామప్ప గుడి కింద సొరంగంలో పెట్టమని కొందరు, ఖిలా వరంగల్ కీర్తితోరణాల నడుమ రాత్రిపూట మాత్రమే కనిపించే భవనం కట్టమని మరికొందరు సూచించారు. ఊహలు ముచ్చటగానే ఉన్నాయి కానీ, నేను మంత్రవిద్య తెలిసిన ఆ కథలోని పిల్లను హన్మకొండలో సుబేదారి వైపున్న ఒక లా కాలేజీలో చేర్పించాను. ఆ కాలేజీలో మంత్రాలు నేర్పరు. హాస్టల్‌లో గదికి నలుగురు ఉంటారు, మెస్ బిల్లు ఆలస్యమైతే నోటీసు బోర్డు మీద పేరు పడుతుంది, ఊరికి పోవాలంటే వార్డెన్ దగ్గర అవుట్‌పాస్ రాయించుకోవాలి. ఆ పిల్లకు తెలిసిన విద్య సంగతి ఆ నాలుగు గోడల మధ్య ఇంకెవరికీ తెలియదు.

లా కాలేజీయే ఎందుకంటే, ఈ కథకు అసలు ముడి అక్కడే పడుతుంది. రెండో సంవత్సరంలో మూట్ కోర్టు పోటీ, అంటే విద్యార్థులు లాయర్లలా వాదించే నమూనా కోర్టు పోటీ, వస్తుంది. చేతబడి చేసిందన్న అనుమానంతో ఊరివాళ్లు కొట్టిన ఒక ఒంటరి ఆడమనిషి తరఫున వాదించే వంతు ఆ పిల్లకు పడుతుంది. మంత్రాలనేవి లేవు, ఈ నింద వట్టి మూఢనమ్మకం అని వాదిస్తే పోటీ గెలవడం తేలిక. కానీ పగిలిన కుండను అరచేతితో నిమిరి అతికించగల పిల్ల ఆ మాట ఎట్లా అంటుంది? అన్నదంటే, తనకు ఆ విద్య నేర్పిన బాపమ్మను నిండు కోర్టులో లేదన్నట్టే.

మొదటి భాగం చదివినవాళ్లకు బాపమ్మ గుర్తుండే ఉంటుంది. మంథని దగ్గరి పల్లెలో, పెదవులు లోపలికి ముడుచుకుపోయి, మాట సగం గాలిలో కలిసిపోతూ, ఏది నేర్పినా చేతులతోనే నేర్పే ముసలమ్మ ఆమె. ముందుపళ్లు లేకపోవడం వయసు వల్లనే అని ఆ పిల్లా అనుకుంది, పాఠకులూ అనుకున్నారు. తెలంగాణ పల్లెల్లో మంత్రాలు చేస్తారని అనుమానం పడ్డవాళ్ల పళ్లు పీకించిన ఘటనలు పత్రికల్లో ఎన్నోసార్లు వచ్చాయి. పళ్లు లేకపోతే అక్షరం సరిగా పలకదు, అక్షరం పలకకపోతే మంత్రం పారదు అన్నది దాని వెనుక ఉన్న నమ్మకం. మూట్ కోర్టు కోసం గ్రంథాలయంలో పాత పత్రికల బైండ్లు తిరగేస్తున్నప్పుడు ఆ పిల్ల కంట పడేది అటువంటి వార్తే. బాపమ్మ మంత్రం నోటితో ఎందుకు నేర్పలేదో, చేతులతోనే ఎందుకు నేర్పిందో అప్పుడు అర్థమవుతుంది. రెండో భాగం మొత్తంలో నేను ఎక్కువసార్లు తిరగరాసిన పుట అదే.

మంత్రగత్తెల కథలు ఇంగ్లీషులో వందలుగా వస్తున్నాయి, మన పిల్లలు వాటినే చదివి పెరుగుతున్నారు. అక్కడివాళ్లకు ఆ కథను సరదాగా రాసుకునే వీలు ఎందుకున్నదంటే, అమెరికాలోని సేలంలో మంత్రగత్తెలన్న నిందతో 19 మందిని ఉరితీసింది ఎప్పుడో 1692లో. ఆ విచారణల్లో నిందితురాలి ఆకారం రాత్రి వచ్చి గొంతు నొక్కిందని ఎవరైనా చెబితే కోర్టు దాన్ని సాక్ష్యంగా తీసుకున్నది. ఆ సమయానికి ఆమె తన ఇంట్లోనే ఉన్నదని పదిమంది చెప్పినా లాభం లేదు, వచ్చింది మనిషి కాదు ఆకారమంటారు. 1693లో కొత్త కోర్టు అటువంటి సాక్ష్యాన్ని పక్కన పెట్టేసరికి చాలామంది నిర్దోషులుగా బయటపడ్డారు. అప్పుడు శిక్ష పడి, ఉరి తప్పించుకున్న ఎలిజబెత్ జాన్సన్ అనే ఆమె మీది మచ్చ మాత్రం 2022 దాకా చెరగలేదు. ఒక బడిలో ఎనిమిదో తరగతి పిల్లలు పట్టుబట్టి అడిగితే మసాచుసెట్స్ శాసనసభ ఆమెను నిర్దోషిగా ప్రకటించింది. అదే 2022 జనవరిలో మన జగిత్యాలలో, మంత్రాలు చేస్తున్నారన్న అనుమానంతో ఒక తండ్రినీ ఇద్దరు కొడుకులనూ చంపారు. జాతీయ నేర గణాంకాల నివేదికలో హత్యలకు కారణాల పట్టికలో మంత్రవిద్యకు ఇప్పటికీ ఒక వరుస ఉన్నది.

అందుకే ఈ నవలలో విద్యకు ఒక హద్దు గీశాను: చేయి తాకిన దాని మీదనే అది పనిచేస్తుంది, దూరాన ఉన్న మనిషికి జ్వరం తెప్పించలేదు. కల్పనలో కూడా ఆ శక్తిని ఒప్పుకుంటే, ఇంట్లో బిడ్డకు జ్వరం తగ్గకపోతే ఎవరు చేశారో చూసి చెప్పేవాడి దగ్గరికి పోయి, “మీ ఇంటికి తూర్పున ఉన్నామె చేసింది” అన్న మాట పట్టుకుని వచ్చేవాళ్లకు నేను సాక్ష్యం ఇచ్చినట్టవుతుంది. శత్రువు ఇంకో మంత్రగత్తె కావాలని అడిగిన పాఠకులు నిరాశపడతారు. ఈ కథలో శత్రువు ఆ చూసి చెప్పేవాడే, వాడికి ఏ విద్యా రాదు.

ఇదంతా బరువుగా ఉన్నదని బెంగపడవద్దు, సరదా ఘట్టాలూ ఉన్నాయి. పెత్రమాస నాడు ఎంగిలిపూల బతుకమ్మకు హాస్టల్ పిల్లలు వేయిస్తంభాల గుడికి బయలుదేరుతారు. తంగేడు దొరికింది కానీ, ముందు రోజే కోసి తెచ్చిన గునుగు బకెట్‌లో మెత్తబడిపోయింది. అందరూ రంగు కోసం తగవు పడుతుండగా ఆ పిల్ల తాంబాళం ముందు కూర్చుని, ఒక్కొక్క కాడను వేళ్ల మధ్య పెట్టి సరిచేస్తూ వరుస పేరుస్తుంది; గునుగు నిటారుగా లేస్తుంది. పక్కన కూర్చున్న గదిమిత్రురాలు ఆ వేళ్లనే చూస్తుంటుంది. ఆమెది కూడా మంథని వైపే, బాపమ్మ పళ్లు పీకిన రోజు ఆమె తాత ఆ గుంపులో ఉన్నాడు. ఈ సంగతి ఇద్దరిలో ఎవరికి ముందు తెలియాలో నాలో నేను చాలా వాదించుకుని, చివరికి గదిమిత్రురాలికే ముందు తెలిసేటట్టు రాశాను.

ఇక మూట్ కోర్టులో ఆ పిల్ల మంత్రాలు లేవని అనదు, ఉన్నాయనీ అనదు. ఎవరూ చూడని ఆకారాన్ని సాక్షిగా నిలబెట్టి మనిషిని కొట్టవచ్చునా అని అడిగి, సేలం కోర్టు 1693లో మానుకున్న పనిని ఎదుటి పక్షం ఇప్పుడు ఏ ఆధారంతో చేయమంటున్నదో చెప్పమంటుంది. పోటీలో మాత్రం రెండో బహుమతే వస్తుంది. మొదటి బహుమతి ఇచ్చేస్తే నాకే నమ్మబుద్ధి కాలేదు. ఆ వాదన వినడానికి బాపమ్మ హన్మకొండకు వస్తుందా లేదా అన్న ఒక్క ప్రకరణం మిగిలింది. వస్తుందనే అనుకుంటున్నాను. 2023 డిసెంబరు నుంచి ఆర్టీసీ బస్సులో ఆడవాళ్లకు టికెట్ లేదు కనుక, ఖర్చు సాకు చెప్పి ఆమెను ఆపడం ఇంట్లో ఎవరి తరమూ కాదు.