పెళ్లికాని పిల్ల సర్పంచికి నిలబడితే

మాది ఒడిశాలోని గజపతి జిల్లా, పర్లాకిమిడికి దగ్గర్లో ఒక ఊరు. పాతపట్నం దాటి ఇటొస్తే రాష్ట్రం మారుతుంది గానీ మాట మారదు. 2022 పంచాయతీ ఎన్నికల్లో మా సర్పంచి సీటు ఆడవాళ్లకు రిజర్వ్ అయితే నేను నిలబడ్డాను. అప్పటికి డిగ్రీ అయిపోయి ఇంట్లోనే ఉంటున్నాను. వచ్చేసారి నిలబడదామనుకునే అమ్మాయిలు అడుగుతున్నారని ఇది రాస్తున్నాను.

ఒడిశాలో పంచాయతీ సీట్లలో సగం ఆడవాళ్లవే. అయినా రిజర్వేషన్ లిస్టు వచ్చిన సాయంత్రం ఊళ్లో పెద్దలు లెక్కలేసుకున్నది ఎవరి భార్య పేరు పెడదామా అని. వాళ్లకు రెండు రూల్స్ అడ్డొచ్చాయి. పిల్లలు ఇద్దరికి మించకూడదు, సర్పంచికి ఒడియా చదవడం, రాయడం వచ్చి ఉండాలి. నిజం చెప్పాలంటే ఆ కుర్చీ మా పిన్నికి తగింది. పదిమందిలో నిలబడి అడగాల్సింది అడిగేస్తుంది. కానీ ముగ్గురు పిల్లలు. ముగ్గుర్ని కన్నంత మాత్రాన ఊరి పనికి పనికిరాదనడం నాకిప్పటికీ మింగుడుపడదు. చివరికి పిన్నే అంది, "ఒలే, నీకు వయసుంది, ఒడియా వచ్చు. నువ్వే నామినేషన్ వెయ్యి."

వయసంటే 21 నిండాలి, పంచాయతీ ఓటర్ల లిస్టులో పేరుండాలి. ప్రతిపాదించేవాళ్లూ ఆ లిస్టులోని వాళ్లే కావాలి. దీనికి మనుషులు దొరకడమే కష్టమైంది. మా బంధువుల్లోనే ఒకాయన సంతకం చేస్తానని మాటిచ్చి, తెల్లారేసరికి ఫోన్ ఎత్తడం మానేశాడు. ఆఖరికి పిన్ని వాళ్ల పొదుపు సంఘంలో ఆడవాళ్లే సంతకాలు పెట్టారు.

తర్వాత అఫిడవిట్. కేసులు, చదువు, ఆస్తులు అన్నీ రాయాలి. ఆస్తుల కాలమ్ దగ్గర నా పెన్ను ఆగింది. నా పేరు మీద ఉన్నవి బ్యాంకులో కొంచెం డబ్బు, చెవులకున్న రింగులు. నోటరీ దగ్గర టైపు చేసే ఆయన "మీ నాన్న భూమి రాయమంటావా?" అన్నాడు. నాది కానిదెందుకు రాస్తానన్నాను. వారసత్వంలో కూతురికీ కొడుకుతో సమానమని 2005లోనే చట్టం మార్చారు. మా ఇంట్లో ఆ మాట ఎవరూ ఎత్తరు. ఆ రోజు పక్కనే నిలబడ్డ నాన్న కూడా ఎత్తలేదు. జిరాక్సులు మాత్రం మూడేసి తీయించాడు.

జనవరి 22న నామినేషన్ల పరిశీలన. అవతలి వర్గం లేవనెత్తిన అభ్యంతరం ఒక్కటే: తెలుగు పిల్ల, ఒడియా రాదు. అధికారి నాకో కాగితం ఇచ్చి పైకి చదవమన్నాడు. బోరింగుల రిపేరు గురించిన సర్క్యులర్ అది. అచ్చులో ఉంది కాబట్టి గడగడా చదివేశాను. ఆ తర్వాత తెల్లకాగితం ఇచ్చి, మీ వీధిలో బోరింగు పాడైందని బీడీవోకి, అంటే బ్లాక్ అభివృద్ధి అధికారికి, అర్జీ రాయమన్నాడు. టెన్షన్‌కి ఆ చలిలో కూడా వేళ్లకు చెమట పట్టి పెన్ను జారుతోంది. అయితే దీనికి నేను ముందే సిద్ధమయ్యాను. పేపర్ చదవడం వస్తే చాలదు, చేత్తో రాసిన ఒత్తులు, గొలుసు రాత చదవగలగాలి. అందుకే అంతకుముందు చాలా రోజులు అంగన్‌వాడీ దిదీ చెబుతుంటే రాసి, ఆవిడ రాసిన రిజిస్టరు చదివి చేయి అలవాటు చేసుకున్నాను. నా అర్జీ చూసి ఆయన తల ఊపి పక్కన పెట్టాడు. అభ్యంతరం చెప్పినవాళ్లలో ఒకరికి దాని మీద ఏముందో చదివే ఓపిక కూడా లేదు!

కరోనా వల్ల ర్యాలీలు వద్దన్నారు. డబ్బులేని నాకు అది కలిసొచ్చింది. ఇంటింటికీ తిరిగాను. ప్రతి అరుగు మీదా ఒకటే ప్రశ్న, "రేపు పెళ్లయితే పంచాయతీని సారెలో పట్టుకుపోతావా?" మొదట్లో మొహం ఎర్రబడేది. తర్వాత్తర్వాత "మామా, మీవాడు బెంగుళూరు పోయాడు కదా, ఊళ్లోనే ఉంటానని ఏమైనా రాసిచ్చాడా?" అని అడగడం నేర్చుకున్నాను. ఆడవాళ్లు నవ్వేవాళ్లు. ఓట్లు అక్కడే పడ్డాయని నా అనుమానం.

తక్కువ మెజారిటీతో గెలిచాను. అదే ఏడాది పక్కనున్న రాయగడ జిల్లా పరిషత్‌కు 23 ఏళ్ల సరస్వతి మాఝి అధ్యక్షురాలైంది. ఆ వార్త చూశాక మా ఇంట్లో నా వయసు మీద మాటలు ఆగాయి. ఫోన్లు మాత్రం ఆగలేదు. పనులున్నవాళ్లు నాన్నకే చేసేవాళ్లు. నాన్న కొన్నాళ్లు జవాబు చెప్పాడు కూడా. మా ఇద్దరికీ గట్టిగానే గొడవైంది. ఆ తర్వాత పంచాయతీ ఆఫీసు గోడ మీద నా నంబరు నేనే రాయించాను.

అక్టోబర్ 11, అంతర్జాతీయ బాలికా దినోత్సవానికి హైస్కూల్లో పిలిచారు. ఐక్యరాజ్యసమితి ఈ రోజును 2011లో ప్రకటించిందని చెబుతుంటే పిల్లలు ఆవలిస్తున్నారు. అఫిడవిట్ సంగతి మొదలెట్టగానే లేచి కూర్చున్నారు. తొమ్మిదో తరగతి పిల్ల ఒకతి, ఎమ్మెల్యేకి ఎన్నేళ్లుండాలని అడిగింది. 25 అన్నాను. వేళ్ల మీద లెక్కపెట్టుకుంది.

మళ్లీ ఎన్నికలు 2027లో రావాలి. నిలబడాలనుకునేవాళ్లు ముందు ఓటర్ల లిస్టులో మీ పేరు, ఇంటి పేరు, వయసు సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకోండి. సంతకాలు చేసేవాళ్లు ఒకరిద్దరు ఎక్కువే ఉండాలి, ఆఖర్న ఎవరో ఒకరు ఫోన్ ఎత్తరు. ఒడియా చేతిరాత ఇప్పటి నుంచే మొదలుపెట్టండి.