బోట్స్వానాను ఏ వర్గంలో చేర్చాలి?

నెల్లూరులో ఎం.ఏ. రాజనీతిశాస్త్రం చదువుతున్నప్పుడు ప్రాజెక్టుకు నేను ఎంచుకున్న అంశం పాలనా వ్యవస్థల వర్గీకరణ. దేశాల పేర్లు వరుసగా రాసి, ఒక్కొక్కదాని ఎదుట ప్రజాస్వామ్యమనో నిరంకుశత్వమనో నమోదు చేయడం పైకి తేలికగానే కనిపిస్తుంది గానీ, దేన్ని రాజ్యమనాలో తేల్చుకోనిదే జాబితాయే మొదలుకాదు.

1933 నాటి మాంటెవీడియో ఒప్పందం స్థిరమైన జనాభా, నిర్దిష్ట భూభాగం, ప్రభుత్వం, ఇతర రాజ్యాలతో సంబంధాలు నెరపగల సామర్థ్యం అనే నాలుగు లక్షణాలను చెప్పింది. ఐక్యరాజ్యసమితిలోని 193 సభ్యదేశాలకే పరిమితమైతే, 1996 నుంచి అధ్యక్షుణ్ణి ప్రజలే నేరుగా ఎన్నుకుంటున్న తైవాన్‌కు చోటుండదు. నేను పరిశీలిస్తున్నది పాలన తీరును కాబట్టి తైవాన్‌ను ఉంచి, కారణాన్ని పట్టిక కిందే రాశాను.

అసలు శ్రమ ప్రజాస్వామ్యాన్ని నిర్వచించడంలో ఎదురైంది. ఓట్ల కోసం నాయకులు పోటీపడి అధికారం పొందే పద్ధతే ప్రజాస్వామ్యమని 1942లో ఆర్థికవేత్త షుంపీటర్ అన్నాడు. రాజనీతిశాస్త్రవేత్త రాబర్ట్ డాల్ పోటీతో పాటు ఎంతమందికి పాల్గొనే హక్కుందో కూడా చూడమన్నాడు. స్విట్జర్లాండ్‌లో స్త్రీలకు జాతీయస్థాయి ఓటుహక్కు 1971లో గానీ రాలేదు. పోటీ ఒక్కటే చూస్తే అంతకు ముందే అది ప్రజాస్వామ్యం, భాగస్వామ్యాన్ని కూడా లెక్కిస్తే కాదు. సగం జనాభాను వెలుపల ఉంచిన వ్యవస్థకు ఆ పేరివ్వడానికి నా మనసు ఒప్పలేదు. అందుకే డాల్ కొలతనే తీసుకున్నాను.

చిత్తుప్రతి చూసిన మా గైడ్ మేడం గారు ఎర్రకలంతో ఒక పేరు చుట్టూ సున్నా చుట్టి, "బోట్స్వానాను ఏ ఆధారంతో ఇక్కడ పెట్టావమ్మా?" అని అడిగారు. 1966లో స్వాతంత్ర్యం వచ్చిన నాటి నుంచి ఆ ఆఫ్రికా దేశంలో ఎన్నికలు క్రమం తప్పకుండా జరుగుతున్నాయి, ప్రతిపక్షాలూ పోటీ చేస్తున్నాయి. అయినా ప్రతిసారీ ఒకే పార్టీ గెలుస్తూ వచ్చింది. పాలకపక్షం ఓడి అధికారం చేతులు మారితేనే ప్రజాస్వామ్యమని రాజనీతిశాస్త్రవేత్త షెవోర్‌స్కీ బృందం పెట్టిన నియమం ప్రకారం అది నిరంకుశ వ్యవస్థ; దేశాల్లో స్వేచ్ఛ ఎంతుందో అంచనా వేసే అమెరికా సంస్థ ఫ్రీడమ్ హౌస్ దృష్టిలో స్వేచ్ఛాయుత దేశం. ఓడితే దిగిపోతారా లేదా అన్నది ఓడేదాకా తెలియదు కనుక, నేను రెండు వర్గాలనూ పక్కపక్కనే చూపించాను.

అధికార మార్పిడిని ఏ స్థాయిలో చూడాలన్నదానికి మన అనుభవమే నాకు ఆధారమైంది. అత్యవసర పరిస్థితి తరువాత, 1977 ఎన్నికల్లో ఆంధ్రప్రదేశ్‌లోని 42 లోక్‌సభ స్థానాల్లో 41 కాంగ్రెస్‌కే దక్కాయి. ఢిల్లీలో మాత్రం ప్రభుత్వం మారింది. ఇక్కడి ఫలితాలను మాత్రమే చూసినవారికి ఆ మార్పు కనిపించదు.

వైవాలో బయటి నుంచి వచ్చిన పరీక్షకులు భారతదేశం గురించే ఎక్కువసేపు అడిగారు. 2021లో వెలువడిన నివేదికల్లో ప్రజాస్వామ్య స్థాయిని కొలిచే వి-డెమ్ సంస్థ మన దేశాన్ని ఎన్నికల నిరంకుశత్వమనీ (ఎన్నికలు జరిగినా పాలన నిరంకుశమని), ఫ్రీడమ్ హౌస్ పాక్షిక స్వేచ్ఛ గలదనీ, ఎకనామిస్ట్ ఇంటెలిజెన్స్ యూనిట్ లోపాలున్న ప్రజాస్వామ్యమనీ పేర్కొన్నాయి. పత్రికాస్వేచ్ఛకు, పౌరహక్కులకు, ఎన్నికల నిర్వహణకు ఎవరు ఎంత విలువ ఇచ్చారో విడదీసి చూపకుండా ఈ పేర్లలో ఒకదాన్ని ఒప్పుకోవడం గానీ కొట్టిపారేయడం గానీ సరికాదని నేను జవాబిచ్చాను. ఇప్పటికీ నా అభిప్రాయం అదే.

2024 అక్టోబరులో బోట్స్వానా పాలకపక్షం ఓడిపోయి, శాంతియుతంగా దిగిపోయింది. షెవోర్‌స్కీ నియమాన్ని అక్షరాలా పాటిస్తే ఇప్పుడు 1966 దాకా వెనక్కి వెళ్లి అన్ని సంవత్సరాలకూ వర్గం మార్చాలి. ఆ ఏళ్లలో జరిగినదేదీ మారలేదు కాబట్టి, నా ప్రతిలో పాత రెండు వర్గాలనూ అలాగే ఉంచి, ఎన్నికల ఫలితాన్ని తేదీతో సహా వాటి పక్కన చేర్చుకున్నాను.