కృష్ణుడి మోకాలి కింద పచ్చ మచ్చ

మా పూజగదిలో ఒక పారాడే కృష్ణుడు ఉన్నాడు. అరచేతిలో పట్టేంత. కుడిచేతిలో వెన్నముద్ద, ఎడమచెయ్యి నేలమీద, ఎవరో పిలిస్తే చూస్తున్నట్టు తల కాస్త పైకెత్తి ఉంటాడు. కంచు విగ్రహం, అమ్మమ్మ వాళ్ళింటి నుంచి అమ్మకి వచ్చింది. శుక్రవారం శుక్రవారం చింతపండు, ఉప్పు వేసి తోమీ తోమీ ముక్కు దాదాపు పోయింది, పొట్ట మాత్రం అద్దంలా ఉంటుంది.

పోయిన వర్షాకాలంలో దుమ్ము తుడుస్తుంటే ఎడమ మోకాలి కింద, మువ్వలు కాలికి ఆనుకున్న సందులో, లేత ఆకుపచ్చ మచ్చ కనిపించింది. గోరుతో గీకితే సుద్దపొడిలా రాలింది. చిలుమే కదా అనుకుని ఇంత చింతపండు, ఇంత ఉప్పు పట్టించి పాత టూత్‌బ్రష్‌తో అరగంట తోమాను. బంగారంలా మెరిసింది. ఫొటో తీసి ఫ్యామిలీ గ్రూపులో కూడా పెట్టాను, అందరూ దండాలు పెట్టారు. రెండు వారాలకి మచ్చ అదే చోట మళ్ళీ వచ్చింది, ఈసారి పక్కన ఇంకో రెండు చుక్కలు, మధ్యలో గుండుసూది మొన దిగేంత గుంట.

అప్పుడు పట్టింది టెన్షన్. చదవడం మొదలుపెట్టాక తెలిసిందేమిటంటే కంచు మీద పచ్చదనం అంతా ఒకటి కాదు. ఏళ్ళ తరబడి గాలి తగిలి ముదురు గోధుమరంగులోనో ముదురు పచ్చలోనో గట్టిగా, నున్నగా పట్టేసిన పొర లోహానికి చర్మం లాంటిది, లోపలి కంచుని అదే కాపాడుతుంది. లేత పచ్చగా, పొడిపొడిగా, చుక్కలు చుక్కలుగా వచ్చేది మాత్రం జబ్బు. దాన్ని కంచు రోగం అనే అంటారు. ఉప్పులో ఉండే క్లోరైడ్ రాగితో కలిసి లోపల దాక్కుంటుంది, కాస్త తేమ, గాలి తగలగానే పచ్చపొడిగా మారుతూ ఆమ్లాన్ని వదులుతుంది, ఆ ఆమ్లం వెళ్ళి కింద ఉన్న కొత్త రాగిని తింటుంది, మళ్ళీ క్లోరైడ్, మళ్ళీ పొడి. ఎవరూ ఆపకపోతే అలా తింటూనే పోతుంది. అంటే నేను చేసింది వైద్యం కాదు, రోగికి విషం పెట్టి ఫొటో తీశాను. పైగా మేముండేది విశాఖలో, సముద్రానికి నడిచి వెళ్ళేంత దూరంలో. కిటికీ తీస్తే ఉప్పుగాలి.

చింతపండు మెరిపిస్తుంది, నిజమే. దాని పులుపు పై పొరని కరిగిస్తుంది కాబట్టే మెరుస్తుంది. అంటే తోమిన ప్రతిసారీ కృష్ణుడు కొంచెం కొంచెం సింకులోకి పోతున్నాడన్నమాట. మా కృష్ణుడి ముక్కు ఎక్కడికి పోయిందో నాకిప్పుడు తెలుసు.

తర్వాత చెన్నైలో పని పడితే ఎగ్మోర్ మ్యూజియంలో కంచు విగ్రహాల గ్యాలరీకి వెళ్ళాను. అక్కడ తమిళనాడులోని తిరువాలంగాడు అనే ఊరి నటరాజు ముందు చాలాసేపు నిలబడ్డాను. చుట్టూ ఉండాల్సిన జ్వాలల వలయం లేదు, ఎప్పుడో పోయింది. అది లేకపోవడం వల్లే ఆ ఎత్తిన కాలు గాలిలో ఇంకా తేలిగ్గా ఉన్నట్టు అనిపించింది నాకు. ఒంటిమీద ఎక్కడా మెరుపు లేదు. మన ఇళ్ళల్లో అయితే ఈపాటికి తళతళలాడించేసేవాళ్ళం. చోళుల కాలం విగ్రహాలు చాలావాటిని దాడుల భయంతో భూమిలో పాతిపెట్టారు. అలా తవ్వకాల్లో బయటపడినవాటికి పచ్చపొర ఉంటుంది, గుడిలో అభిషేకాలు అందుకుంటూ ఉండిపోయినవాటికి ముఖాలు అరిగి నున్నగా ఉంటాయి. ఆ అరుగుదల నష్టమో కాదో నేను చెప్పలేను. వందల ఏళ్ళు చేతులు తగిలిన గుర్తు కదా అది కూడా.

అటునుంచి అటే కుంభకోణం పక్కన స్వామిమలైకి వెళ్ళాను. పోత పోసే స్థపతుల ఊరు. నేను కూర్చున్న చోట పెద్దాయన తేనెమైనం, గుగ్గిలం, నూనె కలిపి కాచిన ముద్దని వేడినీళ్ళలో ముంచి మెత్తబరుస్తూ వేలు తయారుచేస్తున్నాడు. ఒక్క వేలు. వేడిచేసిన ఇనప పుల్లతో కొస నొక్కి, గోరు గీసి, చన్నీళ్ళలో వేసి గట్టిపరిచి, చేతికి అతికించి, దూరం పెట్టి చూసి, నచ్చక పీకేసి మళ్ళీ మొదలుపెట్టాడు. పక్కన కొబ్బరాకు బద్ద. విగ్రహం ఎంత ఎత్తుండాలో అంత పొడవు కోసి, మడతలు పెట్టి, ఆ మడతలే కొలతలుగా ముఖం ఇంత, మెడ ఇంత అని చూసుకుంటారు. స్కేలు ఎక్కడా కనిపించలేదు.

మైనపు బొమ్మ అయ్యాక దానిమీద కావేరి ఒండ్రుమట్టి పల్చగా పూస్తారు, గోరుమీద గీత కూడా అచ్చులో పడేంత మెత్తటి మట్టి. ఆరాక ముతక మట్టి, ఆపైన ఇనప తీగ. పిడకల మంటలో కాలిస్తే లోపలి మైనం కరిగి కారిపోతుంది, ఆ ఖాళీలోకి కరిగించిన లోహం పోస్తారు. కిలో మైనానికి దగ్గర దగ్గర తొమ్మిది కిలోల లోహం పడుతుంది. పంచలోహం అంటాం గానీ ఎక్కువ భాగం రాగి, ఇత్తడి, సీసమే, వెండి బంగారాలు పేరుకి. అచ్చు పగలగొట్టాక బయటికొచ్చేది నల్లగా, గరుకుగా ఉంటుంది, అసలు పని అప్పుడే మొదలు. ఆకురాయి, ఉలి పట్టుకుని కూర్చుంటే రోజులకు రోజులు. అచ్చు ఒక్కసారే పనికొస్తుంది కాబట్టి అలాంటిదే ఇంకోటి కావాలంటే మళ్ళీ మైనం దగ్గర్నుంచే.

తడుముకుంటూ నాకొచ్చిన తమిళంలో చింతపండు సంగతి చెప్పాను. ఆయన నవ్వి, “మేం ఉలితో పెట్టిన గీతని మీరు పులుసుతో తీసేస్తారు” అన్నాడు. అక్కడే ఒక చిన్న కృష్ణుణ్ణి కొన్నాను, బిల్లుతో సహా.

బిల్లు సంగతి ఎందుకంటే, అంతకుముందు ఒక షాపులో ఒకాయన పచ్చపొర పట్టిన విగ్రహం చూపించి “తవ్వకాల్లో దొరికిందండీ, మీకు కాబట్టి ఇస్తున్నా” అని గుసగుసగా చెప్పాడు. అదే నిజమైతే కొంటే చిక్కే: 1878 నాటి నిధుల చట్టం ప్రకారం భూమిలో దొరికిన వస్తువు విలువ పది రూపాయలు దాటితే దొరికినవాళ్ళు ప్రభుత్వానికి చెప్పాల్సిందే. వందేళ్ళు దాటిన లోహ విగ్రహం ఇంట్లో ఉంటే 1972 నాటి పురావస్తువుల చట్టం కింద రిజిస్టర్ చేయించుకోవాలి, దేశం దాటించకూడదు. అబద్ధమైతే ఆసిడ్ పూసి పచ్చబరిచిన నిన్నమొన్నటి బొమ్మ. ఎలా చూసినా నాకు నష్టమే. తమిళనాడులోని శ్రీపురందాన్ గుడి నుంచి దొంగలెత్తుకెళ్ళిన నటరాజుని ఆస్ట్రేలియా జాతీయ గ్యాలరీ 2008లో 50 లక్షల డాలర్లకు పైగా పోసి కొని, 2014లో తిరిగి ఇచ్చేసింది. అంత పెద్ద గ్యాలరీయే కాగితాలు నమ్మి అలా మోసపోతే మనమెంత?

ఇప్పుడు మా పాత కృష్ణుణ్ణి డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టి, నీళ్ళు మార్చి మార్చి, మెత్తటి బ్రష్‌తో పొడి తీసి, బాగా ఆరబెట్టి, మూత గట్టిగా పడే డబ్బాలో, తేమ పీల్చే సిలికా జెల్‌తో పెట్టాను. తేమ తగ్గితే రోగం నిద్రపోతుంది, పూర్తిగా పోయిందని మాత్రం చెప్పలేం. దీనికి రసాయనాల వైద్యం ఉంది గానీ అవి విషపూరితం, మ్యూజియం ల్యాబుల్లో తెలిసినవాళ్ళు చేయాల్సిన పని, నేను వాటి జోలికి పోలేదు. ఆదివారం ఆదివారం టార్చి వేసి మోకాలి కింద చూస్తాను. మూడు నెలలుగా కొత్త చుక్క లేదు.

అమ్మతోనే పేచీ. కృష్ణాష్టమికి పాలు, కొబ్బరినీళ్ళ అభిషేకం కొత్తాయనకే అన్నాను, రెండింటిలోనూ క్లోరైడ్ ఉంటుందని కూడా చెప్పి చూశాను.

“కొత్తాయనకి పాలూ, పాతాయనకి డబ్బాలో పస్తులా? బాగుందిరా నీ చదువు,” అంది.

చివరికి పాతాయన మీద ఒక్క తులసాకు, అదీ తడి లేకుండా, పూజ అవగానే తీసెయ్యాలి అని ఒప్పందం. తీసేది నేనే.