పక్కవీధి ఇంట్లో తుపాకీ, మా బాబు కాలు, టెక్సాస్‌లో కేసు: నా అనుభవం

మొన్న జడ్జి గారు మా బాబు సెటిల్‌మెంట్ మీద సంతకం పెట్టారు. ఆ సంగతి ఎలా పాకిందో గానీ, అప్పట్నుంచి "అక్కా, లాయర్‌ని ఎలా వెతికారు, వాళ్ల ఇల్లు పోతుందా, మీకెంత వచ్చింది" అని ఒకటే మెసేజ్‌లు. ఎంత వచ్చిందో చెప్పను. మిగతాది ఇక్కడే రాసేస్తున్నాను. మాది డల్లాస్‌కి ఉత్తరాన ఒక ఊరు. ఇక్కడ చట్టాలు రాష్ట్రానికో తీరుగా ఉంటాయి కాబట్టి నేను చెప్పేది టెక్సాస్ వరకే.

మా వాడు ఆరో తరగతి. పక్కవీధిలో ఉన్న తెలుగువాళ్లింటికి ఆడుకోవడానికి వెళ్లాడు. మనవాళ్ల ఇళ్లల్లో బంగారం ఉంటుందని దొంగలు పడుతున్నారనే భయంతో ఆ ఇంటాయన పిస్టల్ కొన్నాడు. గుండ్లు నింపి మంచం పక్క సొరుగులో పెట్టుకున్నాడు, తాళం లేదు. వాళ్లబ్బాయి చూపిద్దామని తీశాడు, పేలింది. మా వాడి ఎడమకాలికి మోకాలి పైన ఎముక విరిగింది. పిల్లల్లో ఎముక పొడుగు పెరిగే గ్రోత్ ప్లేట్ ఆ దగ్గర్లోనే ఉంటుంది. అది దెబ్బతింటే ఒక కాలు పొట్టిగా ఉండిపోవచ్చు, ఎదుగుదల ఆగేదాకా తేలదు అన్నారు డాక్టర్లు. పిల్లాడు బతికాడు, నడుస్తున్నాడు. 2020 నుంచి ఈ దేశంలో పిల్లలు, టీనేజీవాళ్ల చావులకి మొదటి కారణం తుపాకీయే. అది తెలిసినదాన్ని కాబట్టి దేవుడికి రోజూ దణ్ణం పెట్టుకుంటున్నాను.

పోలీసులు, ఆస్పత్రి, లాయర్‌ని పెట్టుకోవడం, ఇవేవీ కష్టం కాలేదు. లాయర్ ముందు ఒక్క డాలర్ తీసుకోడు. కేసు వెయ్యకముందే తేలితే వచ్చినదాంట్లో మూడో వంతు, వేశాక అయితే నలభై శాతం. మామూలుగా ఇక్కడ నడిచే లెక్క అదే.

మా తెలుగు అసోసియేషన్ పెద్దల గురించి మాత్రం రాయక తప్పదు. ఒకాయన భార్యతో సహా ఇంటికొచ్చి, కాఫీ తాగి, "మనలో మనకి కోర్టులేంటమ్మా, పరాయి దేశంలో మనవాళ్లనే రోడ్డుకీడుస్తావా, కేసు వెనక్కి తీసుకో" అన్నారు. అసలు వెనక్కి తీసుకోవడానికి క్రిమినల్ కేసు మాది కాదు, ప్రభుత్వానిది. గుండ్లు నింపిన తుపాకీని పిల్లలకి అందేలా వదిలెయ్యడం టెక్సాస్‌లో నేరం. పిల్లాడు పేల్చి ఎవరికైనా తీవ్రంగా గాయమైతే క్లాస్ ఏ మిస్‌డిమీనర్ (చిన్న నేరాల్లో పెద్ద రకం), ఏడాది వరకు జైలు, 4,000 డాలర్ల వరకు జరిమానా. "చాంబర్‌లో గుండు లేదనుకున్నాను" అన్నా చెల్లదు, మ్యాగజైన్‌లో (గుండ్లు నింపే పెట్టెలో) ఉంటే చాలు.

ఇక మేం వేసిన సివిల్ దావా. కాగితం మీద ఆ తుపాకీ ఇంటాయన పేరు, ఆయన భార్య పేరు ఉంటాయి, ఎందుకంటే ఈ రాష్ట్రంలో ఇన్సూరెన్స్ కంపెనీ మీద మనం నేరుగా దావా వెయ్యలేం. కానీ కట్టేది వాళ్ల హోమ్ ఇన్సూరెన్స్. అందులో లయబిలిటీ అని, మన వల్ల ఇంకొకరికి నష్టం జరిగితే కట్టే భాగం ఒకటి ఉంటుంది, చాలామందికి లక్ష నుంచి మూడు లక్షల డాలర్ల వరకు. వాళ్ల లాయర్ ఫీజు కూడా కంపెనీదే. సొంతంగా ఉంటున్న ఇంటిని టెక్సాస్ హోమ్‌స్టెడ్ చట్టం కాపాడుతుంది, ఇలాంటి తీర్పు వచ్చినా ఎవరూ లాక్కోలేరు. ఇదంతా నేను చదివి, అర్థం చేసుకుని, ఆ పెద్దాయనకి విడమర్చి చెప్పాను. అయినా బతుకమ్మకి మమ్మల్ని పిలవలేదు. కాలు విరిగింది మా పిల్లాడిది, వెలి మాకు. సరే.

ఇంకో సంగతి. పిల్లాడు చేసిన పనికి తల్లిదండ్రులే కట్టాలని చట్టం ఉందనుకుంటారు చాలామంది. టెక్సాస్‌లో ఆ చట్టం ఆస్తి నష్టానికే, అదీ 25,000 డాలర్ల వరకే. మనిషికి దెబ్బ తగిలితే ఆ తల్లిదండ్రులు స్వయంగా ఏం నిర్లక్ష్యం చేశారో మనం నిరూపించాలి. అందుకే మేం ఆ పిల్లాడి మీద వెయ్యలేదు. వాడి తప్పేం లేదు, ఇప్పటికీ నాకు వాడి మీద జాలే.

ఇక డిపోజిషన్, అంటే విచారణకి ముందే సాక్షి చేత ప్రమాణం చేయించి లాయర్లు ప్రశ్నలడగడం. నన్ను కుళ్లబొడిచింది ఇదే.

కోర్టు కాదు, అవతలి లాయర్ ఆఫీసులో ఒక గది. కాలర్‌కి మైకు, ఎదురుగా కెమెరా, పక్కన చిన్న మిషన్ మీద టకటకా కొట్టే కోర్ట్ రిపోర్టర్. ప్రమాణం చేయించారు. ఒక్కో సాక్షిని ఆరు గంటల సేపు వరకు అడగొచ్చట. నేను బాధితుడి తల్లిని కదా, పిల్లాడు ఎంత నరకం పడ్డాడో అడుగుతారనుకున్నాను. దాని ఊసే లేదు.

"మీ అబ్బాయిని పంపే ముందు ఆ ఇంట్లో తుపాకీ ఉందా అని అడిగారా?" ఇది మొదలు. నేను "మేం మూడేళ్లుగా రాకపోకలున్నవాళ్లం" అని చెప్పబోయాను. ఆ అవతలి లాయర్ కాగితంలోంచి తల ఎత్తకుండా "అబ్జెక్షన్, నాన్‌రెస్పాన్సివ్" అని, మళ్లీ అదే ప్రశ్న. నేను వివరించబోతే మళ్లీ అదే మాట. నాకేదో తప్పు అంటగడుతున్నాడని ఒళ్లు వణికింది. తర్వాత మా లాయర్ చెప్పాడు: అడిగినదానికి మించి చెప్పిన ముక్కని రికార్డులోంచి తీసేయించడానికి వేసే మంత్రం అది, తిట్టు కాదు. అదేదో ముందే చెప్పి ఉంటే బాగుండేది కదా! అడిగినదానికి మాత్రమే జవాబు, అంతే అని మీ లాయర్ చేత ఇంట్లోనే రెండు గంటలు ప్రాక్టీస్ చేయించుకోండి. చేయించకపోతే గట్టిగా అడగండి, నలభై శాతం ఊరికే తీసుకోరు.

తర్వాత ఒక ఫొటో నా ముందుకి తోశాడు. కింద మూలలో ఎగ్జిబిట్ (సాక్ష్యం) స్టిక్కర్. మా వారు, ఆ ఇంటాయన, ఇంకో ఇద్దరు, ఒక షూటింగ్ రేంజ్‌లో చెవులకి మఫ్‌లు పెట్టుకుని నవ్వుతున్నారు. ఎవరో ఫేస్‌బుక్‌లో పెట్టింది. "అంటే ఆయన దగ్గర తుపాకీ ఉందని మీ కుటుంబానికి తెలుసు. తెలిసే పంపారు. అవునా, కాదా?" ఆ తర్వాత, ఆ మధ్యాహ్నం మీరెక్కడున్నారు, ఆఫీస్ కాల్‌లోనా, పిల్లాడికి ఎన్నిసార్లు ఫోన్ చేశారు, మీ దేశంలో పిల్లల్ని ఇలాగే ఇళ్లకి వదిలేస్తారా. ఆఖరిదానికి మా లాయర్ "అబ్జెక్షన్, ఫామ్" అన్నాడు, అంటే ప్రశ్న అడిగిన తీరు మీద అభ్యంతరం. అన్నా జవాబు చెప్పాలట. ఏడుపొచ్చింది. టేబుల్ మీద టిష్యూ డబ్బా ముందే పెట్టి ఉంది, అందరూ అక్కడ ఏడుస్తారని వాళ్లకి తెలుసు.

ఎందుకు ఇలా అంటే, ఇక్కడ జ్యూరీ తప్పుని శాతాల్లో పంచుతుంది. పిల్లాడికి పద్దెనిమిది నిండేదాకా అయ్యే ఆస్పత్రి ఖర్చు అడిగే హక్కు చట్టప్రకారం తల్లిదండ్రులది. మా మీద యాభై శాతానికి మించి రుద్దితే ఆ ఖర్చులో పైసా రాదు. ఆ ఫొటో అందుకు.

నేను కళ్లు తుడుచుకుని ఒక్కటే చెప్పాను: తుపాకీ ఉందని తెలియడం వేరు, గుండ్లు నింపి పదకొండేళ్ల పిల్లాడి చేతికందే సొరుగులో ఉందని తెలియడం వేరు. రెండోది మాకు తెలీదు. ఆయన నాన్‌రెస్పాన్సివ్ అనలేదు. ఆ వాక్యం రికార్డులో ఉండిపోయింది, నాకు ఇప్పటికీ గర్వమే. మొత్తం ట్రాన్‌స్క్రిప్ట్ నేనే కూర్చుని చదివాను. ఒకచోట "తెలియదు" అన్నది "తెలుసు" అని పడింది. అందిన ఇరవై రోజుల్లో దిద్ది సంతకం పెట్టి పంపాలి, ఆ గడువు వదులుకోకండి. లాయర్ ఆఫీసులో ఎవరూ పట్టుకోలేదు ఆ తప్పుని.

తర్వాత ఆ తుపాకీ ఇంటాయన్ని మా లాయర్ అడిగాడు. లైసెన్స్ ఉన్న డీలర్ పిస్టల్ అమ్మితే తాళమో, అలాంటి రక్షణ సాధనమో ఇచ్చి తీరాలి, అది ఫెడరల్ చట్టం. "మీకిచ్చిన కేబుల్ లాక్ ఎక్కడుంది?" అంటే, పెట్టెలోనే ప్లాస్టిక్ కవర్‌లో ఉందన్నాడు, విప్పనే లేదట. దాంతో కేసు రంగు మారిపోయింది.

మా లాయర్ స్టోవర్స్ లెటర్ పంపాడు. 1929 నాటి తీర్పు పేరు అది. పాలసీ పరిమితి లోపల న్యాయమైన మొత్తం అడిగినా కంపెనీ కాదని, జ్యూరీ అంతకు మించి ఇస్తే, ఆ పైది కూడా కంపెనీయే కట్టాల్సి రావచ్చు. గడువు లోపలే ఒప్పుకున్నారు.

మైనర్ కాబట్టి మనం ఒప్పుకుంటే చాలదు. కోర్టు గార్డియన్ అడ్ లైటెమ్ అని వేరే లాయర్‌ని పెడుతుంది, పిల్లాడి తరఫున మాత్రమే చూడడానికి. ఆవిడ చాలా మర్యాదస్తురాలు, మా వాడితో క్రికెట్ గురించి కూడా మాట్లాడింది. హియరింగ్ కాసేపట్లో అయిపోయింది. బాబు వాటా యాన్యుయిటీలో పెట్టారు. పద్దెనిమిది నిండాక వాయిదాల్లో నేరుగా వాడికే వస్తుంది, మేం ముట్టుకోలేం. ముట్టుకోవాలని మాకూ లేదు.

మిగిలింది మా హెల్త్ ఇన్సూరెన్స్ గొడవ. గాయమైన కొన్నాళ్లకి "ఇది ప్రమాదమా, ఎవరి బాధ్యత?" అని ఒక ఫారం వస్తుంది. లాయర్‌కి చూపించకుండా నింపకండి. వాళ్లు కట్టిన బిల్లుల్ని మన సెటిల్‌మెంట్‌లోంచి వెనక్కి అడగడానికే ఆ ఫారం. టెక్సాస్ చట్టం ఆ వసూలుకి ఒక హద్దు పెట్టింది గానీ, మీ ఉద్యోగం ఇచ్చిన కంపెనీ సొంత డబ్బుతో నడిపే ప్లాన్ అయితే ఆ హద్దు వర్తించదు. మనవాళ్లు చేసే పెద్ద కంపెనీల్లో చాలా ప్లాన్లు అలాంటివే. మీది ఏ రకమో హెచ్ఆర్‌ని ఈమెయిల్‌లో అడిగి, జవాబు దాచుకోండి. మాది సొంత డబ్బు ప్లానే అని తేలింది. మొత్తం అడిగారు, మా లాయర్ బేరమాడి కొంత తగ్గించాడు.