మూల గుంజ దగ్గర రెండు దూలాలు

నేనిక్కడ చేసేది ఆరుబయటి చెక్క పని. పెరట్లో కూర్చోవడానికి వేసే చెక్క అరుగులు, అంటే డెక్కులు, నీడ కోసం వేసే పర్గోలాలు. మా గ్యాంగులో తలా ఒక దేశం, తలా ఒక భాష. మాట అందనప్పుడు చెక్క మీద పెన్సిల్ గీతే దిక్కు. మూల గుంజ దగ్గరికొచ్చేసరికి మాత్రం ఆ గీతల మీద కూడా వాదనే.

మధ్య గుంజలతో పేచీ లేదు. దూలం గుంజ నెత్తిన కూర్చుని అటూ ఇటూ సాగిపోతుంది. మూలలోనేమో రెండు దూలాలకూ ఒకే చోటు కావాలి. కొత్తగా చేరినవాళ్లు దూలాలను గుంజ పక్కలకు ఆనించి బోల్టులు బిగించేద్దాం అంటారు. మా ఫోర్‌మన్ ససేమిరా ఒప్పుకోడు. అలా చేస్తే బరువంతా బోల్టుల మీదే వేలాడుతుంది. చెక్క మీద చెక్క కూర్చోవాలి. అది పక్కకు జరగకుండా, పైకి లేవకుండా పట్టుకోవడమే బోల్టు పని. మనిషి చిరాకు మనిషే గానీ, ఈ విషయంలో నా ఓటు ఆయనకే.

మరి గాడి కోసి కూర్చోబెడితే? 140 మి.మీ. గుంజకు రెండు ముఖాల్లో 45 మి.మీ. చొప్పున కోస్తే పైన మిగిలేది 95 మి.మీ. చదరం. అంటే సగం చెక్క కూడా లేదు. అందులోంచే రెండు వైపుల బోల్టులూ పోవాలి కాబట్టి వాటి ఎత్తు మార్చకపోతే లోపల ఒకదానికొకటి అడ్డం. 90 మి.మీ. గుంజకైతే నాలుగో వంతే మిగులుతుంది, దాని జోలికే పోకూడదు.

నాకు నచ్చేది గుంజ నెత్తిన సగం సగం కోత. ఒక దూలం చివర పైసగం, రెండోదానికి కిందిసగం తీసేసి ఒకదాని మీద ఒకటి కూర్చోబెడతాం. కోత గుంజ అంచు దాటి లోపలికి రాకూడదు. వస్తే అడుగున కోసిన దూలం ఆ మూలనుంచే చీలుతుంది. తర్వాత ఎల్ ఆకారపు ఇనుప టోపీ. దానికీ స్క్రూలకూ మందమైన జింకు పూత ఉండాలి, లేదా స్టెయిన్‌లెస్. పుచ్చిపోకుండా చెక్కకు పట్టించిన మందులోని రాగి మామూలు స్క్రూలను తినేస్తుంది.

దూలం కోయగానే చూడండి, చుట్టూ పచ్చగా, నడుమ పాలిపోయి ఉంటుంది చాలాసార్లు. మందు అంతవరకూ పోలేదన్నమాట. నీళ్లు ఎక్కువగా పీల్చేది కూడా ఆ కోసిన చివరే. బ్రష్షుతో మందు పూసి ఆరాకే ఎక్కిస్తాం. సాయంత్రం పని ముగించే తొందరలో అందరూ ఎగ్గొట్టాలని చూసేది ఈ పనినే.

ఇంత చేసినా గుంజను తోస్తే నిర్మాణం ఊగుతుంది. రెండు దూలాల కిందా గుంజకు ఏటవాలుగా ఆనే చెక్కలు, అంటే బ్రేసులు, పడితేగానీ నిలబడదు. ఇంటివాళ్లకు అవి అందంగా కనిపించవు, తీసేయమంటారు. ఆ బేరం ఫోర్‌మన్‌కే వదిలేసి, మేం చెక్క ఎండి కుంచించుకున్నాక నట్లు మళ్లీ బిగించుకోమని మాత్రం చెప్పి వస్తాం.