మట్టితో పాటు వచ్చిన తుంగ

ఎత్తు మడులు కట్టుకుంటే కలుపు బాధ ఉండదని నేను నిజంగానే నమ్మాను. కలుపు ఉండేది కింద నేలలో కదా, దాని మీద అడుగు మందాన కొత్త మట్టి పోస్తే ఇంకెక్కడి కలుపు అనుకున్నాను. నడుము నొప్పి ఉన్నవాళ్లకి ఇలాంటి నమ్మకాలు తొందరగా కుదురుతాయి.

పెరట్లో రెండు మడులు వేశాను. ఒక్కోటి 8 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు, అడుగు ఎత్తు. సిమెంటు పెట్టకుండా ఇటుకలు ఒకదాని మీద ఒకటి పేర్చాను. ఒక్కో మడికి 40 ఘనపుటడుగుల మట్టి పట్టింది. అంతా నింపి, చదును చేసి, చేతులు కడుక్కుని వచ్చి చూస్తే అత్తయ్య కుర్చీ వేసుకుని కూర్చుని ఉంది.

"బానే ఉందమ్మాయ్. ఆ మధ్యలో ఉన్న అడుగు ఎవరికి?"

అర్థం కాలేదు. మడి పక్కన కూర్చుని చెయ్యి చాచాక తెలిసింది. నా చెయ్యి హాయిగా అందేది రెండడుగులే. ఆ పక్క నుంచి రెండు, ఈ పక్క నుంచి రెండు. మధ్యలో అడుగు వెడల్పు పట్టీ ఎవరికీ అందదు. నాలుగడుగులకి మించి వేయకూడదని అందరూ చెప్పేది ఇందుకే. ఆ పట్టీలో కలుపు తీయడానికి నెల రోజులు మడిలో కాలు పెడుతూనే ఉన్నాను. కాలు పడిన చోటల్లా మట్టి అణిగి, నీళ్లు పోస్తే ఇంకకుండా గుంటల్లా నిలబడేవి. ఎవరూ తొక్కని మట్టి గుల్లగా ఉంటుంది, వేళ్లు సులువుగా దిగుతాయి. ఎత్తు మడి వేసేదే అందుకు. నేనేమో మెత్తటి మట్టికి గట్టు కట్టి మరీ తొక్కుతున్నాను.

చివరికి రెండు మడులకీ ఒక పక్క గోడ విప్పి నాలుగడుగులకి తెచ్చాను. మిగిలిన మట్టితో నాలుగడుగుల చదరంగా మూడోది తయారైంది. నేను ముందే అలా అనుకున్నానని అత్తయ్యతో చెప్పాను. నమ్మలేదు.

అసలు తప్పు వెడల్పు కాదు, ఆ మట్టి. ఎక్కడ తవ్విందో అడగలేదు, తెచ్చినాయనా చెప్పలేదు. మట్టి పోసిన రెండు వారాలకి సూదుల్లాంటి మొనలు పైకి వచ్చాయి. ఆకులు నున్నగా మెరుస్తున్నాయి. కాడని వేళ్ల మధ్య దొర్లిస్తే మూడు అంచులు చేతికి తగిలాయి. గడ్డి కాడ గుండ్రంగా దొర్లుతుంది, మూడు అంచులు తగిలితే తుంగే.

మొదట్లో ఉత్సాహంగా పట్టుకు లాగాను. సులువుగా వచ్చేస్తోంది, ఇంతేనా అనుకున్నా. పైన కాడ తెగి వస్తోంది కానీ కింద గడ్డ అలాగే ఉంటోంది. ఒక గడ్డ నుంచి సన్నటి తీగలాంటి వేరు, దాని చివర ఇంకో గడ్డ, అక్కడి నుంచి మరొకటి, గొలుసులా ఉంటాయి. ఆ గొలుసు కలిసి ఉన్నంతసేపు చాలా గడ్డలు నిద్రపోతూ ఉంటాయి. పారతో తవ్వి ముక్కలు చేశామా, తెగిన ప్రతి గడ్డా సొంతంగా మొలకెత్తుతుంది. నేను ఒక ఆదివారం మొత్తం రెండో మడిని తిరగేసి తవ్వాను. మూడు వారాలకి అది పచ్చటి తివాచీ అయింది.

తర్వాత తడి అట్టపెట్టెలు పరిచాను. మామూలు కలుపుకి అట్ట బాగా పనిచేస్తుంది, వెలుతురు అందక చస్తుంది. తుంగ మొన మాత్రం నానిన అట్టని పొడుచుకుని పైకొచ్చింది. ప్లాస్టిక్ షీటునే చిల్లు పెడుతుంది, అట్ట ఒక లెక్కా!

చివరికి పనిచేసింది ఓపికొక్కటే. గడ్డలో దాచుకున్న పిండిపదార్థంతోనే తుంగ మొలుస్తుంది. ఆకులు కాస్త ఎదిగాక మళ్లీ తిండి తయారుచేసి కిందికి పంపి, కొత్త గడ్డలు కడుతుంది. కాబట్టి అయిదారు ఆకులు వేసేలోపే కోసేయాలి. మళ్లీ వస్తుంది, మళ్లీ కోయాలి. ఖర్చే తప్ప రాబడి లేని ఇల్లులా గడ్డ ఖాళీ అవుతుంది. పది రోజులకొకసారి బొరిగెతో, అంటే కలుపు తీసే చిన్న చేతి పనిముట్టుతో, మొదలు కంటా కోస్తున్నాను. చేతికి దొరికిన గడ్డలు మాత్రం కంపోస్టులో వేయను. రేకు మీద ఎండలో పడేసి, గలగలమనేదాకా ఎండిన తర్వాతే పారేస్తాను. ఇంకో సంగతి, తుంగకి నీడ పడదు. మొదటి మడిలో బొబ్బర్లు చల్లాను, రెండోదాంట్లో చిలగడదుంప తీగ పాకించాను. తీగ కమ్ముకున్న చోట వచ్చే మొలకలు పాలిపోయి, సన్నగా, వేలితో గిల్లేలా ఉంటున్నాయి.

మట్టి గురించి కూడా కొంత చెప్పాలి. గాజు సీసాలో మూడో వంతు మట్టి, మిగతా నీళ్లు, చిటికెడు సబ్బుపొడి వేసి బాగా గిలకొట్టి పెట్టాను. ఇసుక నిమిషంలో అడుక్కి చేరింది. దాని మీద ఒండ్రు పొర రెండు గంటలకి. బంకమన్ను మాత్రం మర్నాటికీ పూర్తిగా తేరుకోలేదు, సగానికి పైగా అదే. ఇసుక కలపమన్నారు కొందరు. బంకమట్టిలో కొద్దిగా ఇసుక కలిపితే ఇటుక చేసినట్టే గట్టిపడుతుందని ఆ పని చేయలేదు.

చేసింది అంతకన్నా తెలివితక్కువ పని. ఉచితంగా దొరికిందని కొత్త రంపపు పొట్టు రెండు బస్తాలు మట్టిలో కలిపేశాను. టమాటా మొక్కలు నెల తిరిగేసరికి కింది ఆకుల నుంచి పసుపు రంగుకి తిరిగాయి. పొట్టులో కార్బన్ విపరీతం, నత్రజని దాదాపు లేదు. దాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు తమకి కావాల్సిన నత్రజనిని మట్టిలోంచే లాక్కుంటాయి, మొక్కలు పస్తు. అదే పొట్టు పైన పరిస్తే ఇబ్బంది లేదు, కలిపితేనే. మాగిన పశువుల ఎరువు వేసి తేరుకునేలా చేశాను. మాగనిది వేస్తే వేళ్లు మాడతాయి, పైగా పశువు తిన్న గడ్డి గింజలు అరగకుండా వచ్చి మొలుస్తాయి. మట్టితో ఒకసారి దెబ్బతిన్నదాన్ని, ఎరువుతో మళ్లీ తినదలుచుకోలేదు.

ఇప్పుడు తవ్వడం మానేశాను. ప్రతి పంట తర్వాత రెండంగుళాల కంపోస్టు పైన వేసి వదిలేస్తున్నా, కిందికి తీసుకెళ్లే పని వానపాములదే. మడి ఎలాగూ కుంగుతుంది, అంచుదాకా ఉన్న మట్టి ఏడాదిలో మూడంగుళాలు దిగింది. ఖాళీ మట్టి కనబడకుండా ఎండాకులు కప్పుతాను, మొక్క మొదలు చుట్టూ మాత్రం జానెడు వదిలేసి. విత్తనాలు వేసే ముందు నీళ్లు పెట్టి పది రోజులు ఆగుతున్నా. పైపైనున్న కలుపు గింజలన్నీ మొలిచాక, మట్టి కదపకుండా దోకేసి అప్పుడు విత్తుతాను.

తుంగ లెక్క ఒక పాత నోట్‌బుక్కులో రాస్తున్నాను. మొదటిసారి రెండో మడిలో 143 మొలకలు. ఈ వారం 11. పదీ కోసేశాను. పదకొండోది రెండు ఇటుకల సందులోంచి వచ్చింది, బొరిగె దూరడం లేదు. "ఆ ఇటుక తియ్యి" అంటోంది అత్తయ్య. తీస్తే ఆ వరస మొత్తం జారుతుంది.