నాయనమ్మ పెట్టెలో హాలీ రూపాయి

పోయిన నెల ఊళ్లో ఇల్లు సర్దుతుంటే నాయనమ్మ చెక్కపెట్టె అడుగున ఒక వెండి రూపాయి దొరికింది. ఒకవైపు చార్మినార్ బొమ్మ, దాని ద్వారంలో 'ఐన్' అనే అక్షరం. ఉర్దూలో రాస్తే చివరి నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ పేరు మొదలయ్యేది ఆ అక్షరంతోనే. హాలీ రూపాయి అది, నిజాం హైదరాబాద్ సంస్థానపు సొంత నాణెం.

నాయనమ్మ పుట్టిల్లు జగ్గయ్యపేట. మెట్టినిల్లు కోదాడ పక్క పల్లె. ఇప్పుడు బస్సులో గంట కూడా పట్టదు. ఆమె కాపురానికి వచ్చిన రోజుల్లో మాత్రం అది ఇంగ్లీషువాళ్ల మద్రాసు రాష్ట్రం, ఇది నైజాం. 1766లో నిజాం అలీ ఖాన్ జగ్గయ్యపేట వైపు కోస్తా ప్రాంతమైన ఉత్తర సర్కారులను కుంపిణీకి, అంటే ఈస్టిండియా కంపెనీకి అప్పగించాడు. బదులుగా ఏటా పేష్కష్ అనే కప్పం, అవసరానికి సైన్యం ఇస్తామన్నారు. 1823లో ఒకేసారి కొంత సొమ్ము కట్టి ఆ పేష్కష్‌ కూడా తెంపేసుకున్నారు. మా నాయనమ్మ పుట్టింటికీ అత్తింటికీ నడుమ గీత పడింది అలాగే.

ఆ గీత మీద కరోడ్‌గిరి నాకా, అంటే సుంకం వసూలు చేసే చౌకీ ఉండేది. బండి ఆపి మూటలు విప్పించేవారని చెప్పేది. నిజాం రాజ్యం వసూలు చేసే సుంకం కదా, ఎంతైనా వేసుకోవచ్చు అనుకుంటాం. కానీ 1802 ఒప్పందంలో నూటికి 5 అని కట్టేశారు. తన సరిహద్దులో సుంకం పెంచుకోవాలన్నా కుంపిణీ ఒప్పందం అడ్డం.

ఇక డబ్బు మార్పిడి. ఏడు హాలీలు ఇస్తే ఆరు కల్దార్లు. ఇంగ్లీషు రూపాయిని ఇక్కడ కల్దార్ అనేవారు. చిన్నప్పుడు ఆ మాట వింటే నాకు కోపం వచ్చేది, మన రూపాయిని కావాలనే తక్కువ చేశారని. ఈసారి కంసాలి త్రాసులో తూయించాను. 11 గ్రాముల పైన కాస్త. హాలీ రూపాయి బరువు 11.18 గ్రాములు, అందులో వెండి నూటికి 82 పాళ్ల లోపు. కల్దార్ 11.66 గ్రాములు, వెండి దాదాపు 92 పాళ్లు. లెక్క కడితే సరిగ్గా ఏడుకి ఆరే వస్తుంది. వెండిలో తేడా అది, అవమానం కాదు. ఇన్నేళ్ల కోపం అనవసరం అనిపించింది.

నిజమైన అన్యాయం బీరార్‌ది, అంటే ఇప్పటి మహారాష్ట్రలోని విదర్భ వైపు ప్రాంతానిది. హైదరాబాద్ కంటింజెంట్ అని ఒక సైన్యం ఉండేది. దాన్ని నడిపేది ఇంగ్లీషు అధికారులు, జీతాలు నిజాంవి. బాకీలు పేరుకున్నాయని 1853లో అప్పటి నిజాం నాసిరుద్దౌలా దగ్గర బీరార్‌ను, రాయచూరు ప్రాంతాన్ని, మరికొంత నేలను తమ పాలనలోకి తీసుకున్నారు. 1860లో కొన్ని తిరిగొచ్చాయి, నల్లరేగడి పత్తి పండే బీరార్ రాలేదు. దాన్ని వెనక్కి తేవాలని హైదరాబాద్ దివాన్ సాలార్‌జంగ్ చాలా ప్రయత్నించాడు. 1902లో వైస్రాయ్ కర్జన్ వచ్చి అప్పటి నిజాం మహబూబ్ అలీ ఖాన్ చేత ఏడాదికి 25 లక్షలకు శాశ్వత కౌలు రాయించాడు. కౌలుకిచ్చిన భూమిని ఎన్నటికీ అడగకూడదంటే అది కౌలేనా? మా ఊళ్లో ఏ రైతునడిగినా చెప్తాడు. ఉస్మాన్ అలీ ఖాన్ తిరిగి అడిగాడు. 1926లో వైస్రాయ్ రీడింగ్ ఇచ్చిన జవాబు సారం ఒక్కటే: ఇండియాలో బ్రిటిష్ కిరీటానిదే పైచేయి, ఏ సంస్థానాధీశుడూ తమతో సమానంగా కూర్చుని బేరమాడలేడు. పదేళ్ల తర్వాత ఉస్మాన్ అలీ ఖాన్ కొడుకుకి 'బీరార్ యువరాజు' అన్న బిరుదు ఇచ్చారు. భూమి ఇవ్వలేదు.

సొంత నాణెం, సొంత తపాలా బిళ్ల, సొంత రైలు అని హైదరాబాద్ గురించి గొప్పగా చెప్పుకుంటాం. నేనూ చెప్పుకుంటాను. ఆ నాణెం చేతిలో పెట్టుకుంటే ఇప్పుడు బీరార్ కూడా గుర్తొస్తోంది.

ఇంతకీ ఇది పెట్టెలో ఎందుకుందో నాన్న చెప్పారు. పెళ్లయిన కొత్తలో నాయనమ్మ ఎనిమిది హాలీలు కొంగున ముడేసుకుని పుట్టింటికి వెళ్లిందట. ఏడిటికి ఆరు కల్దార్లు వచ్చాయి. ఎనిమిదోది మార్చకుండా వెనక్కి తెచ్చుకుంది.